మా నాన్న మెడ, మా ఇంటి మేడ

ఆదివారం పొద్దున మా నాన్నకు మెడ పట్టేసింది. సరిగ్గా అమ్మ "ఈ రోజు మీరు మేడ గది ఖాళీ చేస్తున్నారు" అన్న తర్వాతే పట్టేసింది.

నాన్న దర్జీ. మాకున్న మేడంతా ఒకటే గది. అందులో పాడైన ఇనుప కుట్టుమిషన్లు, కత్తిరింపు గుడ్డల మూటలు, ఒక కాలు లేని బల్ల కాపురముంటున్నాయి. వాటిని ఖాళీ చేయిస్తే ఆ గది నాకిస్తానని అమ్మ మాటిచ్చింది. పరీక్షలు దగ్గరికొచ్చాయి. కింద చదువుకుందామంటే మిషన్ చప్పుడు. అది ఆగితే బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఏం చదువుతున్నావమ్మా?" అంటారు. జవాబు తెలిసినా నాకు నోరు పెగలదు. అందుకే ఆ గది మీద నాకంత ఆశ. నాన్నకు ఈ సంగతి చెప్పలేదు. అమ్మకు కూడా సగమే చెప్పాను.

"అబ్బా! మెడ తిరగట్లేదే!" అన్నాడు నాన్న, తల కుడి భుజం మీదికి వాల్చి.

"ఇందాకటి దాకా బాగానే ఉందిగా?"

"నొప్పి ముందు చెప్పి వస్తుందా?"

"చెప్పి రాదు గానీ, నేను చెప్పింది విని వచ్చినట్టుంది."

అయినా అమ్మ మనసు ఊరుకోలేదు. నాన్నను కింద కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టి, ఎత్తు దిండు తీసేసి, పలచగా మడిచిన దుప్పటి పెట్టింది. వేడినీళ్ళలో తుండు ముంచి, పిండి, మెడకు చుట్టింది. "కాసేపు కుట్టి కాసేపు లేచి తిరగమంటే వింటారా? పొద్దస్తమానం కొంగలా మెడ వంచుకుని కూర్చోవడమే!"

తుండు తీసేసరికి నాన్న తల ఎడమ భుజం మీద ఉంది.

"ఇందాక కుడివైపు కదండీ?"

"నొప్పి లోపల నడుస్తుందే. నీకు తెలీదు."

నాకూ తెలీదు. మా సైన్సు పుస్తకంలో నొప్పికి కాళ్ళున్నట్టు లేదు.

"నా మాట నమ్మకపోతే విజిల్ మాస్టారు చెప్తాడు విను. ఇప్పుడే ఫోన్ చేస్తాడు," అన్నాడు నాన్న. విజిల్ మాస్టారంటే మా బడిలో డ్రిల్లు మాస్టారు, నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన ఫోన్ చేస్తారని నాన్నకు ముందే ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు.

ఫోన్ అమ్మకు అందేలా వంటగది గట్టు మీద నాన్నే పెట్టాడు. అది మోగేసరికి అమ్మ పెరట్లో ఉంది. నానమ్మ తీసింది. మా నానమ్మకు చెవుడు.

"ఆఁ? గట్టిగా చెప్పు నాయనా! మేడా? బరువా? అయ్యో, అలాగే!" ఫోన్ పెట్టేసి కేకేసింది. "కోడలా! మేడ మీద బరువు ఉంచకూడదట! ఉంచితే మొత్తం కూలబడుతుందట! విజిల్ మాస్టారు చెప్పాడు!"

నాన్న బల్ల మీంచి లేచి కూర్చున్నాడు. "అమ్మా! మేడ కాదే, మెడ! మెడ మీద బరువు పెట్టకూడదని! మిషన్లూ మూటలూ మోయొద్దని చెప్పాడు!"

అమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"ఫోన్లో మాట్లాడింది అత్తయ్య. ఆయన ఏం చెప్పాడో మీకెలా తెలిసింది?"

నాన్న తల తిన్నగా అయిపోయింది. మళ్ళీ గుర్తొచ్చి వాల్చబోయాడు గానీ, ఏ వైపో తేలక ముందుకు వాల్చాడు.

ఈలోగా నానమ్మ వీధిలోకెళ్ళి మా మేడ కూలిపోతోందని చాటింపు వేసింది. పక్కింటావిడ పిల్లల్ని లోపలికి లాక్కుంది. ఎదురింటి తాపీమేస్త్రి పరుగున వచ్చి, మా గోడకు చెవి ఆనించి, "గోడకు ఏ నొప్పీ లేదు. అయినా బరువు దించితే మంచిదేగా," అన్నాడు. వీధి వీధంతా చూస్తుంటే ఇక నాన్నకు తప్పలేదు. మేడెక్కి ఇనుప మిషన్ మీదికి వంగాడు.

కింద నుంచి ఈల మోగింది.

"ఒరేయ్! నడుం వంచకు, మోకాళ్ళు వంచు! బరువు పొట్టకు ఆనించి పట్టుకో! తిరిగేటప్పుడు నడుం కాదురా, పాదాలు తిప్పు!" విజిల్ మాస్టారు. మేడ కూలుతోందని విని పరిగెత్తుకొచ్చారట.

ఈలకో మెట్టు చొప్పున నాన్న దిగాడు.

"మాస్టారూ," అంది అమ్మ, "ఈయన బరువులు మోయకూడదని ఇందాక మీరేగా చెప్పారు?"

"నాదేముందమ్మా, వాడు చెప్పమన్నదే నేను..." మాస్టారు గబుక్కున ఈల నోట్లో పెట్టుకున్నారు. ఊదలేదు.

అమ్మ నవ్వలేదు, అరవలేదు. "రెండోది కూడా దించండి. అలాగే, మోకాళ్ళు వంచి," అంది.

స్నేహితుడి మీద కోపంతో నాన్న ఆఖరి మూట మాత్రం ఆయన చెప్పినట్టు కాకుండా నెత్తిన పెట్టుకుని దించాడు. సాయంత్రానికి మెడ నిజంగానే పట్టేసింది. అమ్మ మళ్ళీ వేడి తుండు తెచ్చింది.

"ఇప్పుడైనా నమ్ముతావా?"

"నమ్ముతా. ఇప్పుడు ఒకే వైపు ఉంది."

నేను గది ఊడ్చి, చాప పరిచి, పుస్తకాలు సర్దుకుంటుంటే నానమ్మ మెల్లగా మెట్లెక్కి వచ్చింది. పొద్దుట్నుంచీ నన్ను తొలుస్తున్నది అడిగాను. నా గొంతు మొదటి బెంచీలో కూర్చున్నా టీచరుకు వినపడదు.

"నానమ్మా, నీకు నిజంగా మేడ అనే వినిపించిందా?"

నానమ్మ కిటికీ తెరుస్తూ అంది. "నా చెవుడుదేముందే! మీ నాన్న మెడనొప్పిలాగే, అవసరానికి వస్తుంది."

ఆ మాట అర్థమయ్యేలోపే కింద నుంచి నాన్న మూలిగాడు. "అమ్మా! మెడ!"

నానమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"మేడా? బాగానే ఉందిరా! బరువు దిగిందిగా, హాయిగా ఉంది!"