మూతగీతం

లీడ్స్ నగరంలో ఆ శనివారం ఉదయం వెర్నన్ హోల్రాయిడ్ తలపెట్టిన కార్యం చాలా చిన్నది: టోస్టు తినడం, టేపు వినడం, తీర్పు చెప్పడం. డ్యాంప్ ఇన్‌స్పెక్టర్స్ అనే పోస్ట్-పంక్ సంగీత బృందం ఎన్నడో విడిపోయినా, దాని అభిమాన సంఘం మాత్రం విడిపోలేదు. కచేరీల్లో అభిమానులు కోటు కింద యంత్రం దాచి రికార్డు చేసిన టేపులకు యోగ్యతాపత్రం ఇచ్చే పరీక్షకుడి పీఠం వెర్నన్‌ది. ఒకరి టేపును పొరపాటున చెరిపిన పాపానికి కిందటేడాది ఒక సభ్యుణ్ణి వెలివేయించిన ధర్మమూర్తి ఆయనే.

ఆనాటి టేపు డోరీన్ క్లెగ్ అనే సభ్యురాలిది. లోకంలో దానికి మరో ప్రతి లేదు. రెండో పాట తరువాత ఆయన టేపు ఆపి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వెన్న అంటిన వేళ్లతో మళ్లీ మీట నొక్కారు. నిశ్శబ్దం. బృందం ధ్యానంలోకి వెళ్లిందనుకుని ఆయనా భక్తితో కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి రికార్డింగు ఎర్రదీపం వెలుగుతోంది. యంత్రం పాడటం మాని వినడం మొదలుపెట్టి చాలాసేపయింది. వంటింట్లో వేగుతున్న సాసేజీలను, కెటిల్ ఈలను, పెరటి గుమ్మంలో చెత్తడబ్బా మూత కోసం పొరుగావిడతో పోరాడుతున్న భార్య బెరిల్‌ను అది శ్రద్ధగా భద్రపరచింది.

వెనక్కి తిప్పి విన్నారు.

"ఆ మూత మాది. మా మూత మాకిచ్చెయ్."

"దాని మీద నీ పేరు రాసుందా?"

"నీ మొహం మీద రాస్తా. ఇచ్చెయ్."

ఆ పైన రేకు నేల మీద పడిన మోత.

నిజం చెబితే పీఠం పోతుంది. అందుచేత "నడుమ ఒక అసాధారణ ప్రయోగం ఉన్నది" అని రాసి, ఉత్తమశ్రేణి ప్రసాదించి, వెర్నన్ టేపును సంఘానికి పంపేశారు.

వారం తిరక్కుండా కార్యదర్శి గ్లిన్ ఫోన్ చేశాడు.

"గురువుగారూ, ఆ ఆడగొంతు విన్నాక అన్నం సయించట్లేదండీ. శ్రామికవర్గం తన మూత తాను అడుగుతోంది."

"అదేం లేదోయ్, మామూలు మూత."

"అక్కడే కదండీ ఉంది అందం."

ప్రతులు ఊరూరికీ పాకాయి. ఆ కచేరీ కళ్లారా చూశామని ప్రమాణం చేసేవారి సంఖ్య ఆ హాలులో పట్టేవారి సంఖ్యను దాటిపోయింది. వేదిక మీద పొయ్యిని చూశానని ఒకాయన రాశాడు. సాసేజీ వాసన ఇప్పటికీ నోరూరిస్తోందని మరొకాయన రాశాడు. ఆయన పుట్టు శాకాహారి.

ఇక మిగిలిన భయం ఆ కచేరీని స్వయంగా రికార్డు చేసిన డోరీన్. ఆవిడా ఫోన్ చేసింది.

"ఆ పాటప్పుడు నేను టాయిలెట్ వరుసలో నిలబడ్డా నాయనా. కోటూ మిషనూ కుర్చీలోనే వదిలెళ్లా. ఇంటికొచ్చాకా ఆ టేపు వేసుకోలేదు. నీ పుణ్యమా అని ఇన్నాళ్లకి విన్నా."

సంఘం వార్షిక సమావేశం పబ్బు మేడ మీద జరిగింది. బృందం పూర్వ గిటారిస్టు కీత్ స్వయంగా విచ్చేసి, "అది రాసినప్పుడు నా మనసేం బాలేదు" అని సెలవిచ్చాడు. ఆ పాటను డిస్కుగా తేవాలనీ, అది అసలైనదేనని వెర్నన్ సంతకం చేయాలనీ తీర్మానమయింది. కలం చేతికి వచ్చింది. అబద్ధాన్ని ఆయన అన్నాళ్లూ ఓర్చుకున్నారు. తన ఇంటి సాసేజీలకు కీత్ స్వరకర్త కావడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయారు.

"అది పాట కాదు, మా వంటిల్లు. పొరపాటున టేపు చెరిపేశాను. బెరిల్, నువ్వు చెప్పు."

"చెప్పేదేముంది, ఆ గొంతు నాదే" అంటూ బెరిల్ గ్లాసు కింద పెట్టి లేచింది. "ఆ మూత మాది. మా మూత మాకిచ్చెయ్."

కీత్ జాలిగా తల ఊపాడు.

"బాగానే అనుకరించావమ్మా. కానీ అందులో బాధ లేదు."

"బాధ లేదా? ఆ పక్కింటిది నా మూత ఇంకా ఇవ్వలేదయ్యా."

గ్లిన్ వెర్నన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"వినికిడి తగ్గితే తగ్గిందని చెప్పుకోవచ్చు గురువుగారూ, తప్పులేదు. దానికోసం చరిత్రని పొయ్యి మీద పెడతారా?"

చేతులు లేచాయి. టేపు చెరిపినందుకు కాదు, ఆ నేరాన్ని ఎవరూ నమ్మలేదు. మహత్తరమైన టేపును శంకించినందుకు వెర్నన్ పీఠం పోయింది. ఆయన స్థానంలో ఏకగ్రీవంగా ఎన్నికైన పెద్దమనిషి ఆ బృందం ప్రతి కచేరీలోనూ స్పీకరుకు ఆనుకునే నిలబడ్డ మహాభక్తుడు గనక, ఎన్నికయిన సంగతి ఆయనకు కాగితం మీద రాసి చూపించవలసి వచ్చింది.