ఐజాజ్ పోటీ చేశాడు

ఆదివారం తెల్లవారుతుండగా ఐజాజ్ నరసరావుపేటలోని తన గదికి తాళం వేసి, సైకిలును భుజాన పెట్టుకుని మేడ మెట్లు దిగాడు. ఆ రోజు అతని పథకం చాలా సులువైనది. ఎండెక్కక ముందే పిడుగురాళ్ల చేరాలి. అక్కడి సైకిల్ పోటీలో గెలవాలి. సాయంత్రానికి తిరిగొచ్చి ల్యాబ్ రికార్డు రాసుకోవాలి.

ఐజాజ్ డిగ్రీ రెండో సంవత్సరం. రేసు సైకిళ్లు తొక్కేవాళ్లు సాధారణంగా డబ్బున్న ఇళ్ల పిల్లలు. ఐజాజ్ సైకిలు ఫ్రేము మాత్రం పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికింది. మిగతా భాగాలు ఒక్కొక్కటీ ఒక్కో ఊరి నుంచి వచ్చి దానికి చేరాయి. సాయంత్రాలు జిరాక్స్ షాపులో పనిచేసి, పొద్దున టిఫిన్ మానేసి కొత్త టైర్లు కొన్నాడు, పోటీ ఫీజు కట్టాడు. తీరా చూస్తే హెల్మెట్ తప్పనిసరి అని నిబంధనల్లో ఉంది. సైకిల్ హెల్మెట్ కొనే స్తోమత లేక, ఇంటి యజమానిని బతిమాలి ఆయన మోటారు సైకిల్ హెల్మెట్ తెచ్చుకున్నాడు. అది తల మొత్తాన్నీ మూసేసేది. పెట్టుకుంటే లోకం బావిలోంచి మాట్లాడినట్టు వినబడేది.

మాచర్లలో ఉన్న తల్లి జాహెదాకు ముందు రోజు ఫోన్ చేసి పోటీ ఉందని చెప్పాడు. ఆమె దాన్ని పోటీ పరీక్ష అనుకుని, పెన్నులు రెండు పట్టుకుపొమ్మని, అతని కోసం దువా చేస్తానని చెప్పింది. కొడుకు కాదనలేదు. ఆమె తప్ప ఆ పోటీ గురించి చెప్పుకోవడానికి అతనికి ఇంకెవరూ లేరు.

గెలిచినవాడికి సున్నపు బట్టీల యజమాని ఒకాయన కొత్త గేర్ల సైకిలు ఇస్తానన్నాడు. ఐజాజ్‌కు ఆ సైకిలు మీద ఆశ ఉంది. కానీ దానికంటే పెద్ద ఆశ ఒకటి లోపల ఉంది. రేసుల్లో నలుగురూ ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కుతారనీ, ముందున్నవాడు గాలిని చీలిస్తే వెనకవాడికి సగం శ్రమ తగ్గుతుందనీ, కాసేపటికి వెనకవాడు ముందుకొచ్చి ఆ గాలిని తను తింటాడనీ ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. అతను మాత్రం మూడు నెలలుగా పల్నాడు గాలి మొత్తం ఒక్కడే తిన్నాడు. ఎవరో ఒకరి వెనక, పది నిమిషాలైనా సరే, తొక్కి చూడాలని ఉంది.

సగం దారిలో వెనక టైరు పంక్చరైంది. ఆ ఊరి పేరు చెప్పడం మంచిది కాదు, అక్కడ ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. రోడ్డు పక్కన శాంతమ్మ టీ కొట్టు ముందు సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చిల్లు ఎక్కడుందో చూసుకోవడానికి కాసిని నీళ్లు అడిగాడు. ఆమె బక్కెట్ తెచ్చిపెట్టి, పొద్దున్నే ఎక్కడికని అడిగింది.

"పోటీకండీ," అన్నాడు ఐజాజ్, హెల్మెట్ తీయకుండానే.

స్థానిక ఎన్నికలు రేపో మాపో అంటున్న రోజులవి. బల్ల మీద కూర్చున్న నలుగురూ టీ గ్లాసులు కిందపెట్టారు.

"పోటీ చేస్తన్నావా?" అంది శాంతమ్మ.

"చేస్తన్నానండీ."

"ఎవురి తరపునయ్యా?"

"ఎవరి తరపునా కాదండీ. నేనొక్కణ్ణే."

"నీ ఎనక ఎవురూ లేరా?"

ఐజాజ్ ట్యూబును నీళ్లలో ముంచి, లేచే బుడగల వంక చూస్తూ ఎవరూ లేరన్నాడు. ఆ మాట తను అనుకున్నదానికన్నా దిగులుగా పలికింది. శాంతమ్మ లోపలికి వెళ్లి ఇడ్లీ తెచ్చి చేతిలో పెట్టింది.

బల్ల మీది వాళ్లు మిగిలిన ప్రశ్నలు వేశారు. పేరు ఇచ్చావా అంటే ఇచ్చానన్నాడు. డబ్బు కట్టావా అంటే, మూడు నెలలు టిఫిన్ మానేసి కట్టానన్నాడు. గుర్తు ఇచ్చారా అని ఒకాయన అడిగితే, హెల్మెట్ లోంచి ఏది వినబడిందో గానీ, నంబరు పిడుగురాళ్ల వెళ్లాక ఇస్తారని చెప్పాడు. ఊళ్లు తిరిగావా అంటే మూడు నెలలుగా తిరుగుతూనే ఉన్నానని, వినుకొండ రోడ్డు, సత్తెనపల్లి రోడ్డు, ఒక్కటీ వదల్లేదని చెప్పాడు. సైకిలు మీద వచ్చి ఏ పార్టీ కాదంటే ఎట్టా నమ్ముతామని ఒకడు గొణిగాడు గానీ, మిగతావాళ్లు వాడిని ఊరుకోమన్నారు. టిఫిన్ మాని ఎన్నికల్లో నిలబడినవాణ్ణి వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ట్యూబుకు అతుకు ఆరేలోపు ఐజాజ్ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. జడ్పీటీసీకి స్వతంత్ర అభ్యర్థి అని కింద రాశారు.

ఆ ఫోటో చూసి ముందుగా వచ్చినవాడు కోటేశ్వరరావు. ఆయనకు ఊళ్లో సగం మిరప పొలాలు, ఇంట్లో జడ్పీటీసీ కావలసిన కొడుకు ఒకడు ఉన్నారు. బుల్లెట్ దిగి, ఐజాజ్ భుజం మీద చెయ్యేసి వేపచెట్టు పక్కకు తీసుకెళ్లాడు.

"గెలవాలనే దిగావా, ఊరికే పేరు కోసమా?" అన్నాడు మెల్లగా.

"గెలవటానికేనండీ."

"ఈసారికి మావోడికి వదిలెయ్యి నాయనా. వాడు ఇప్పటికి రెండుసార్లు ఓడాడు."

వాళ్లబ్బాయి కూడా రేసులో ఉన్నాడని తెలిసి ఐజాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇంత దగ్గర్లో తనలాంటివాడు ఒకడున్నాడని ఇన్నాళ్లూ తెలియనే లేదు. ఆత్రంగా అడిగాడు.

"మీవాడు బాగా తొక్కుతాడా అండీ?"

కోటేశ్వరరావు చెయ్యి భుజం మీద నుంచి తీసేశాడు. "మావోడు ఎవుర్నీ తొక్కలేదు. అదంతా గిట్టనోళ్ల ప్రచారం."

తరవాత ఆయన, ఏం కావాలో అడగమన్నాడు. పోటీలోంచి తప్పుకోవడానికి తనకు లంచం ఇవ్వజూపుతున్నారని ఐజాజ్‌కు అర్థమైంది. ఆ ఒక్క విషయం మాత్రం అతనికి సరిగ్గానే అర్థమైంది. కొడుకు మీద ప్రేమతో అంటున్నాడు గదా అని కోపం తెచ్చుకోకుండా, ఓడిపోయినా ఫర్వాలేదు గానీ తప్పుకోనని చెప్పి సైకిలు దగ్గరికి వచ్చేశాడు.

కోటేశ్వరరావు ముఖం మాడడం రోడ్డుకు అవతల నుంచి రామయ్య చూశాడు. రామయ్య రెండో వర్గం. కోటేశ్వరరావును కలవరపెట్టినవాడు ఎవడైనా సరే ఆయనకు ఆత్మీయుడే. కాసేపట్లో మోటారు సైకిళ్లు వచ్చాయి. డప్పులు వచ్చాయి. ఎవరి పెళ్లి కోసమో తెచ్చిన బంతిపూల దండ వచ్చి ఐజాజ్ మెడలో పడింది. పిడుగురాళ్ల దాకా మేమూ వస్తాం, పద, అన్నాడు రామయ్య.

పల్లెటూరి వాళ్లకు క్రీడలంటే ఇంత అభిమానమని ఐజాజ్ ఎప్పుడూ అనుకోలేదు. హెల్మెట్ లోపల అతని కళ్లు చెమర్చాయి. అద్దం మసకేసింది.

మోటారు సైకిళ్లు కొన్ని ముందు, కొన్ని వెనక నడిచాయి. ఐజాజ్ ముందు బండికి దగ్గరగా వెళ్లాడు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. మూడు నెలలుగా ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్న గాలి, ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. కాళ్లు వాటంతటవే తిరిగాయి. సున్నపురాయి లారీలు పక్కన దుమ్ము లేపుతూ పోతున్నా, ఆ కాసేపు ఐజాజ్ లోకంలో అందరికన్నా సుఖంగా ఉన్నాడు. ఈ దారి ఇంకొంచెం పొడుగుంటే బాగుండునని సైకిలు పోటీకి పోయేవాడు అనుకోవడం అరుదు.

పిడుగురాళ్ల శివారులో పోటీదారులు గీత దగ్గర బారులు తీరి ఉన్నారు. పోటీ నడిపేది షెర్లీ మేడమ్. ఆమె వ్యాయామ ఉపాధ్యాయిని, నిబంధనల మనిషి. ముఖ్య అతిథి ఇంకా రాలేదని కుర్రాళ్లు రోడ్డు వంక చూస్తున్న సమయంలో డప్పులతో, తెల్లచొక్కాతో రామయ్య దిగాడు. వాళ్లు ఆయన్నే ముఖ్య అతిథి అనుకుని మైకు చేతికిచ్చారు. మైకు చేతికిస్తే ఎందుకిచ్చారని అడిగే అలవాటు రామయ్యకు లేదు.

కడుపు మాడ్చుకుని ప్రజల కోసం నిలబడ్డ ఈ బిడ్డను భారీ మెజారిటీతో గెలిపించాలని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గీత మీదున్న పోటీదారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రేసులో మెజారిటీ ఏమిటో వాళ్లకు బోధపడలేదు. మాట ముగిస్తూ రామయ్య భుజం మీది కండువా తీసి గాల్లో గిరగిరా తిప్పాడు. దూరం నుంచి అది అచ్చం జెండా ఊపినట్టే ఉంది. పోటీదారులంతా ఒక్క ఊపున గురజాల వైపు దూసుకుపోయారు. షెర్లీ మేడమ్ ఈల వేసింది గానీ, డప్పుల్లో ఎవరికీ వినబడలేదు.

ఐజాజ్ అప్పటికింకా దండతోనే, నంబరు కోసం బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మేడమ్ కోపం దిగమింగుకుని, పేరు, వయసు అడిగింది.

"ఇరవై నిండినయ్ మేడమ్."

మైకు ఇంకా రామయ్య చేతిలోనే ఉంది. "ఇరవయ్యా?" అన్న మాట పిడుగురాళ్లంతా వినబడింది. "ఇరవై ఒకటి లేకుండా పోటీ ఎట్టా చేస్తావురా?"

"పద్దెనిమిది చాలన్నారండీ. సైకిల్ పోటీకి."

డప్పు ఆగింది. రామయ్య మైకును బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు. ఒకసారి సైకిలు వంక, ఒకసారి ఐజాజ్ వంక చూసి, పెళ్లివాళ్లు ఎదురుచూస్తుంటారని చెప్పి దండ జాగ్రత్తగా తీసుకున్నాడు. మోటారు సైకిళ్లు ఒక్కొక్కటిగా తిరిగి వెళ్లిపోయాయి. దుమ్ము కిందికి దిగేసరికి గీత దగ్గర ఐజాజ్, షెర్లీ మేడమ్, ఆమె చేతిలో ఒక్కసారైనా ఊపని జెండా మిగిలాయి.

ఐజాజ్ ఆమెకు క్షమాపణ చెప్పి, అందరికన్నా వెనకైనా సరే, తొక్కనివ్వమని అడిగాడు. మేడమ్ గడియారం చూసుకుంది. రోడ్డు మీద పోటీకి పోలీసులిచ్చిన అనుమతి కాసేపే.

"నేను జెండా ఊపిందే మొదలు," అంది. "అప్పుడు లైన్లో ఎవరుంటే వాళ్లే పోటీ." అని ఊపింది.

ఐజాజ్ తొక్కాడు. మళ్లీ అదే రోడ్డు, అదే గాలి, అదే ఒక్కడు. కొంతదూరం పోయాక ఎదురుగా పోటీదారులంతా తిరిగి వస్తూ కనబడ్డారు. పోటీదారులు చుట్టి వెనక్కి రావాల్సిన మలుపు దగ్గరున్న మాస్టారికి మేడమ్ ఫోన్ చేసి, అందర్నీ వెనక్కి పంపమని చెప్పిన సంగతి ఐజాజ్‌కు తెలియదు. అప్పుడే మలుపు చుట్టి వస్తున్నారంటే వీళ్లెంత వేగమో అనుకున్నాడు. వాళ్లు రంగురంగుల చొక్కాల్లో, ఒకరి వెనక ఒకరు, భుజాలు రాసుకునేంత దగ్గరగా వస్తున్నారు. ఏదో అరుస్తూ చేతులు ఊపారు. ఐజాజ్‌కు వినబడలేదు. పలకరిస్తున్నారనుకుని తనూ చెయ్యి ఊపాడు. గుంపు సర్రున పక్కనుంచి పోయింది. దాని గాలి ఒక్క క్షణం తగిలి వదిలేసింది. వెనక్కి తిరిగి, వాళ్లు చిన్నబడేదాకా చూశాడు. సైకిలు గోతిలో పడబోయింది.

మలుపు చుట్టినట్టు గుర్తుగా అక్కడి మాస్టారు ఐజాజ్ చేతికి రిబ్బను కట్టాడు. వాళ్లకూ తనకూ ఎంత తేడా ఉందని ఐజాజ్ అడిగితే, నీ ముందు ఎవరూ లేరన్నాడాయన. ఓడిపోతున్నవాడితో ఎకసక్కెం ఎందుకని ఐజాజ్ నొచ్చుకున్నాడు. అయినా మానకుండా, ఎవరూ చూడని ఆఖరి స్థానం కోసం ఊపిరి అందకుండా పోయేదాకా తొక్కాడు.

గీత దగ్గర పెద్ద గొడవ జరుగుతోంది. మళ్లీ మొదలుపెట్టమని పోటీదారులు, అనుమతి సమయం అయిపోయిందని మేడమ్. ఐజాజ్ గీత దాటాడు. మేడమ్ మైకు తీసుకుని, జెండా ఊపాక బయల్దేరి, మలుపు చుట్టి, గీత దాటినవాడు ఒక్కడేనని, నిబంధనల ప్రకారం మొదటి బహుమతి అతనిదేనని ప్రకటించింది. రెండు, మూడు బహుమతులు ఎవరికీ ఇవ్వలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఐజాజ్ తనకు సైకిలు వద్దని, అందరం కలిసి ఇంకోసారి తొక్కుదామని చెప్పబోయాడు. పోటీదారులు అప్పటికే సైకిళ్లను వ్యానుకెత్తుతున్నారు. మీరు ఎక్కడ ప్రాక్టీసు చేస్తారు, నేనూ రావచ్చా అని అడగాలని అతను మూడు నెలల నుంచి అనుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లాడు. ఊరేగింపుతో వచ్చి రేసు కొట్టేసినవాడి వంక ఒక్కరూ చూడలేదు. వ్యాను తలుపు మూసుకుంది. లోపల నుంచి ఎవరిదో జోకు, అందరి నవ్వు వినబడ్డాయి. హెల్మెట్ తీసి ఉండడం వల్ల ఈసారి స్పష్టంగానే వినబడ్డాయి.

రెండు సైకిళ్లు, ఒక మనిషి. ఐజాజ్ కొత్తది ఎక్కి, పాతదాన్ని ఎడమచేత్తో పట్టుకుని పక్కన నడిపించుకుంటూ నరసరావుపేట దారి పట్టాడు. రోడ్డు పక్కన ప్రతివాళ్లూ ఆపి, రెండోవాడేడని అడిగారు. మొదటి రెండు ఊళ్లలో జరిగిందంతా చెప్పాడు. తరవాత ఓపిక లేక, వెనక వస్తున్నాడని చెప్పడం మొదలుపెట్టాడు.

ఎండకు తాళలేక ఒక చెరుకురసం బండి దగ్గర ఆగాడు. బండాయన ఆ మాట విని, వచ్చేవాడి కోసం రెండో గ్లాసు కూడా నింపి పెట్టాడు. మర్యాదకు కాసేపు ఆగి, ఐజాజ్ అది కూడా తాగాడు.