వీధంతా ఒప్పుకున్న డ్రోను

పెద్దిరాజు గారికి ఆ గురువారం ఉదయం ఉన్న పని ఒక్కటే. కాఫీ తాగి, తెల్లపంచె కట్టుకుని, తమ వీధిలోని పదహారు ఇళ్ళకూ వెళ్ళి, ఆదివారం పదిన్నరకు డ్రోను ఎగరేసుకోవడానికి అనుమతి అడగడం. యానానికి ఎదురుగా ఏటికి ఇవతల ఉన్న ఆ ఊళ్ళో ఇంతవరకూ గాలిలో దేన్నైనా ఎగరేయడానికి ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు. కానీ ఆయన అవసరం వేరు.

పది రోజుల్లో ఆయనా, భార్య రామతులసీ శ్రీలంక వెళుతున్నారు. కొబ్బరితోటను పైనుంచి చూసుకోవడానికి కొన్న బుల్లి డ్రోనును వెంట తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున నిలబడ్డ భార్యను ఆకాశం నుంచి వీడియో తీయాలని ఆయన కోరిక. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడకు ఆయన తీసిన ప్రతి ఫొటోలోనూ తల సగమే వచ్చింది. ఈసారైనా మనిషి మొత్తం రావాలని ఆయన పట్టుదల.

అడ్డం పడింది కూతురు హారతి పంపిన కాగితం. రాజమహేంద్రవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల, డ్రోనుతో పరాయి దేశం వెళ్ళేవాళ్ళు పాటించాల్సిన మర్యాదలన్నీ వరసగా రాసింది. అడిగాకే ఎగరెయ్యాలి, ఎగిరాక అడగడం మర్యాద కాదు. జనం తలల మీదుగా పోనివ్వకూడదు. బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఆ దేశం వాళ్ళ అనుమతి కాగితం లేకుండా విమానమే ఎక్కకూడదు. అది చదివి రామతులసి హడలిపోయింది.

"పరాయి దేశంలో పోలీసుల చేత మాట పడితే నేను తట్టుకోలేనండి. ముందు మన వీధిలో ఈ కాగితం ప్రకారం ఎగరేసి చూపించండి. ఒక్క ఇంటివాళ్ళు మూతి ముడిచినా అది బీరువా దాటదు," అంది.

పొద్దున్నే మగమనిషి ఒక్కడూ ఇల్లిల్లూ తిరిగితే బాగోదని తనూ మంచి చీర కట్టుకుని బయల్దేరింది. ఒట్టి చేతులతో ఎలా వెళతామని పెరట్లో పండిన అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టుకుంది. కుంకుమ భరిణె ఆ పళ్ళెంలో ఎప్పుడూ ఉండేదే.

మొదటి ఇల్లు సంపూర్ణమ్మ గారిది. "ఆదివారం పదిన్నరకి డ్రోను ఎగరేస్తున్నామండి. మీరందరూ కెమెరాలో పడతారు. మీకు అభ్యంతరం లేకపోతేనే," అన్నారు పెద్దిరాజు గారు.

ఆ చుట్టుపక్కల డ్రోను ఎగిరేది పెళ్ళిళ్ళకీ నిశ్చితార్థాలకీ మాత్రమే. మొగుడూ పెళ్ళాం కలిసి పళ్ళెంతో వచ్చి, వేళ కూడా చెప్పారు. వాళ్ళకు పెళ్ళీడు పిల్ల హారతి ఉండనే ఉంది. సంపూర్ణమ్మ గారు నుదురు ముందుకు చాపారు, రామతులసి అలవాటు కొద్దీ బొట్టు పెట్టేసింది.

"అభ్యంతరమేంటి నాయనా. చల్లని మాట చెప్పావు," అన్నారావిడ.

యంత్రాల మీద ఆవిడకు ఇంత మక్కువ ఉందని పెద్దిరాజు గారికి అప్పుడే తెలిసింది. మిగతా పదిహేను ఇళ్ళలోనూ అంతే ఆనందం. పిలిచినవాళ్ళు చెప్పని సంగతి గుచ్చి గుచ్చి అడగడం బాగోదు కాబట్టి, పెళ్ళికొడుకెవరని ఒక్కరూ అడగలేదు.

శనివారం హారతి ఫోన్ చేసి, ఎందుకో గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, రేపు మమ్మల్ని రమ్మంటారా?"

స్నేహితురాళ్ళతో వస్తుంది కాబోలు అనుకుంది రామతులసి. "రండి. నాన్నగారు డ్రోను ఎగరేస్తున్నారు. వీధంతా ఒప్పుకున్నారు."

"నాన్న కూడానా?"

"ఆయనదే కదే ఈ సరదా అంతా."

ఆదివారం పదిన్నరకు డ్రోను లేచింది. పెద్దిరాజు గారు ఫోన్‌లో చూస్తుండగా, ఒక్కో గుమ్మంలోంచీ పట్టుచీరలు బయటికొచ్చి తమ ఇంటివైపే కదిలాయి. వాటి వెనక వంటమేస్త్రి చంద్రరావు, ట్రాలీ ఆటోలో గుండిగలతో. తలల మీదుగా పోనివ్వకూడదన్న నియమం గుర్తొచ్చి ఆయన డ్రోనును హడావిడిగా డాబా మీద దించేశారు.

"మీరు పిలవకపోయినా నేనే వచ్చేశానండి. హారతమ్మ నిశ్చితార్థానికి ఇంకోళ్ళు వండితే నా పరువేం కానండి?" అని చంద్రరావు నిష్ఠూరమాడాడు. పనసపొట్టు అప్పటికే కొట్టించుకుని తెచ్చాడు.

దంపతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జరిగింది అర్థమయ్యేసరికి వాకిట్లో అరవై మంది ఉన్నారు.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది రామతులసి, ఏడుపు గొంతుతో.

"ముందు భోజనాలు కానీ. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఆకలితో పంపిస్తామా? నిజం తాంబూలాలప్పుడు చెబుదాం."

వడ్డన మొదలవుతుండగా కారు ఆగింది. హారతి దిగింది. వెనకే ఒక పొడుగాటి కుర్రాడు, మిఠాయి పళ్ళెంతో అతని తల్లి. సంపూర్ణమ్మ గారి మేనకోడలు శుక్రవారమే హారతికి ఫోన్ చేసి నిశ్చితార్థానికి శుభాకాంక్షలు చెప్పిందట. ఆ కుర్రాడు, తోటి ఉద్యోగి ఉదయభాస్కరే తన అమ్మానాన్నలతో మాట్లాడేశాడని హారతి, హారతే చెప్పేసిందని అతనూ అనుకున్నారట. ఆరు నెలలుగా నోరు పెగలని ఇద్దరూ, పెద్దవాళ్ళది ఎంత మంచి మనసని మురిసిపోతూ వచ్చారు.

అంతా విన్నాక పెద్దిరాజు గారు జేబులోంచి కాగితం తీశారు. "మొదటి లైను చదవమ్మా."

"అడిగాకే ఎగరెయ్యాలి. ఎగిరాక అడగడం మర్యాద కాదు," హారతి తల వంచుకుని చదివింది.

"మరి?"

"ఇప్పుడు అడుగుతున్నాను నాన్నా."

ఆయనకు కోపం రావలసింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. పంక్తి వైపు చూశారు. ఉదయభాస్కర్ ఎవరూ చెప్పకుండానే నెయ్యి గిన్నె అందుకుని, సంపూర్ణమ్మ గారి విస్తరి దగ్గర వంగి, "కొంచెం వేయనా అండి?" అని అడుగుతున్నాడు. అడిగి వేసే పిల్లాడని పెద్దిరాజు గారికి నమ్మకం కుదిరింది.

"వీధంతా ఒప్పుకున్నాక ఇంక నేనెవర్నమ్మా కాదనడానికి," అన్నారు.

తాంబూలాలప్పుడు చెప్పాల్సిన నిజం ఏమీ మిగల్లేదు. ఏ ఇంటివాళ్ళూ మూతి ముడవలేదు. అయినా మాఘమాసంలో పెళ్ళికి డ్రోను కావాలి, ఈలోగా ఏ దేశంలోనో పోగొట్టుకొస్తారని రామతులసి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. పదహారు ఇళ్ళూ తిరిగిన పెద్దిరాజు గారు దాన్ని శ్రీలంక తీసుకెళ్ళడానికి ఆవిడ అనుమతి అడగడం మాత్రం మరిచిపోయారు.

శ్రీలంకలో ఆయన ఫోన్‌తో తీసిన ఫొటోలో సముద్రం మొత్తం వచ్చింది, రామతులసి తల సగం వచ్చింది.