వరుస తప్పని మొక్కలు

ఆదివారం పొద్దున్నే పెరట్లో కలుపు పీకేసి, ఆపైన హాయిగా ఓ కునుకు తీయాలనుకున్నాడు వాచీ మెకానిక్. అంతకు మించి ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు.

భార్య ఆస్పత్రిలో నర్సు. చనిపోయిన తల్లి పెరటి నుంచి తెచ్చుకున్న పూలగింజలన్నీ, ఒక్కటీ మిగుల్చుకోకుండా, ఈ పెరట్లోనే వేసింది. ఆ పూల పేరేమిటో తల్లికీ తెలియదు, 'నా పసుపు పూలు' అనేదంతే. డ్యూటీకి వెళ్తూ "అమ్మవి జాగ్రత్త" అంది నర్సు. ఏవి అమ్మవో చెప్పలేదు. అప్పుడే మొలిచినవి చూసి ఆమె కూడా పోల్చుకోలేదు.

మన మెకానిక్ కంటికి భూతద్దం తగిలించుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. పెరడంతా ఎక్కడ పడితే అక్కడ మొలకలు. మధ్యలో ఒక్క వరుస మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసినట్టుంది. ప్రతి చక్రమూ ఉండాల్సిన చోట ఉంటేనే వాచీ నడుస్తుందని నమ్మి బతికిన మనిషాయన. వరుసగా ఉన్నవి మనిషి వేసినవి, చెల్లాచెదురుగా ఉన్నవి వాటంతటవే పడి మొలిచినవి అని తేల్చేశాడు. చెల్లాచెదురు సరుకంతా వేళ్లతో సహా పీకి, నీళ్ల ట్యాంకు వెనక ఆకుల కుప్ప మీద పారేశాడు.

సాయంత్రం నర్సు వచ్చి చూసింది. "నేను వరసగా వేసినట్టు గుర్తు లేదండీ."

"ఆ దిగుల్లో ఎలా వేశావో నీకేం తెలుసు?" అన్నాడు, మెత్తగానే.

అమ్మ పోయాక చాలా సంగతులు మరిచిపోతున్న మాట నిజమే. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ఇక ఆ వరుసకు రాజభోగం మొదలైంది. పైనున్న దండెం మీద బట్టలు ఆరేస్తే సబ్బునీళ్లు కారతాయని ఆయన అది మాన్పించాడు. తడి బట్టలన్నీ ఇంట్లోకి వచ్చాయి. కుర్చీలకు యూనిఫారాలు, తలుపులకు దుప్పట్లు, టీవీకి లుంగీ. ఖాళీ దండెం కింద వరుస ఇంకా చిక్కబడింది. తెల్లపూలు పూస్తే మట్టి తేడా అన్నాడు. నల్లపళ్లు కాస్తే ఎరువు బలం అన్నాడు. కాదంటే అమ్మవి ఇంకెక్కడా లేనట్టే కనుక, నర్సు కూడా నమ్మడానికే చూసింది. ఆ మాట ఫోన్లో విని ఏడ్చేసిన ఆమె అక్కగారు, అమ్మ పూలు చూడాలని బయల్దేరి వచ్చింది.

వచ్చి, వరుస పక్కనే కూలబడింది. లేచేసరికి చీర నిండా నల్లటి మరకలు.

"ఇది పిట్టలు తిని పడేసే కామంచి కలుపు కదా మరిదిగారూ?" అంటూ తలెత్తింది. దండెం మీద పిట్టలు బారులు తీరి, కింది వరుస మీద రెట్టలేస్తున్నాయి. "అమ్మ ఏనాడైనా వరసగా నాటిందా? గుప్పెడు తీసి విసిరేది."

"నేనూ అలాగే విసిరానక్కా," అంది నర్సు.

"అవన్నీ నేనే పీకేశాను," అన్నాడు మెకానిక్. ఇద్దరికీ మొహం చూపించలేక ట్యాంకు వెనక్కి పోయాడు.

ఎంతకీ రాడేమని వాళ్లే వెళ్లారు. కుళ్లిన ఆకుల మధ్య మళ్లీ వేళ్లు పట్టి, ఒకదాని మీద ఒకటి పడిపోతూ, కుప్పంతా పసుపు పూలు. ఆయన వాటి ముందు బోర్లా పడుకుని ఉన్నాడు, ఈసారి భూతద్దం లేకుండా. నర్సు పక్కనే కూర్చుని తనివితీరా ఏడ్చింది. ఆయన లేచి నీళ్ల చెంబు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వీటికి మాత్రం మీరేమీ చెయ్యకండి."

అక్కగారి చీర ఉతికి దండెం మీద ఆరేశారు. కూర్చోడానికి చోటు లేక పిట్టలు పక్కింటి దండెం మీదికి వెళ్లి, అక్కడ కొత్త వరుస మొదలుపెట్టాయి.