రాజుగారి కొవ్వుకు రాజీ బేరం

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ ఫ్యాను గోలలో సగం మాటలు కొట్టుకుపోతాయి. భోజనాలయ్యాయి కదా, తీరిగ్గా వినండి. భీమవరం పక్కన మన ఊళ్ళో ఆదినారాయణరాజుగారు ఒక్క ముద్ద మానకుండా, ఒక్క అడుగు నడవకుండా, ఒకే ఒక్క మధ్యాహ్నంలో పదమూడు శాతం కొవ్వు తగ్గిన వైనం ఇది. వైద్యశాస్త్రం దీన్ని ఇంకా గుర్తించలేదు. అది శాస్త్రం పొరపాటే గానీ మన ఊరి పొరపాటు కాదు.

రాజుగారు రొయ్యల చెరువుల ఆసామి. రెండు పూటలా గట్టు మీద నడిచి, నీళ్ళ రంగు కళ్ళారా చూసుకుంటే తప్ప నిద్ర పట్టని మనిషి. అలాంటి మనిషికి కుడి మోకాలు అరిగిపోయింది. గట్టు దాకా వెళ్ళడం మానేసి, వీధరుగు మీద కుర్చీ వేసుకుని, గట్టు మీద కెమెరా పెట్టించుకుని సెల్‌ఫోనులో చెరువు చూస్తున్నాడు. "ఫోనులో నీళ్ళన్నీ ఒకే రంగులో ఉంటున్నాయే మాణిక్యం" అని భార్య దగ్గర దిగులు పడేవాడు. ఆయన మళ్ళీ గట్టెక్కి నడిస్తే చాలునని మాణిక్యాంబగారి కోరిక. అంతకు మించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

ఆవిడే పట్టుబట్టి రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడ సుప్రజ అని ఓ డాక్టరమ్మ. మంచంలాంటి మిషన్ మీద పడుకోబెట్టి, పైనుంచి ఓ చెయ్యిలాంటిది నడిపించి, ఎముక ఎంతో కండ ఎంతో కొవ్వు ఎంతో విడివిడిగా తేల్చింది. కొవ్వు నలభై రెండు శాతం.

"మోకాలు మార్చేద్దామండి రాజుగారూ, శుభ్రంగా నడుస్తారు. కానీ ఈ ఒంటికి మత్తు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలదు. ముప్పై లోపుకి తగ్గించుకుని రండి, ఆ వారమే ఆపరేషన్ చేస్తాను" అంది డాక్టరమ్మ.

మాణిక్యాంబగారు ఆ రాత్రే అన్నం గరిటె మార్చి చిన్నది పెట్టింది. రాజుగారు ఆ గరిటెను చూసి బంగార్రాజుగారికి ఫోన్ చేశాడు.

బంగార్రాజుగారంటే ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఊరికి పెద్దమనిషి. రొయ్యలు పట్టిన రోజున ఆయన లేనిదే లారీ కదలదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. కౌంటు తక్కువైతే రొయ్య పెద్దదని లెక్క, రైతుకి లాభం. కొనేవాడు యాభై అంటాడు, రైతు నలభై అంటాడు. కాటా ఎదురుగానే ఉంటుంది, పాపం. దాన్ని ఎవరూ అడగరు. బంగార్రాజుగారు కళ్ళు మూసుకుని "నలభై అయిదు" అంటారు. ఇద్దరూ కాస్త నొచ్చుకుంటారు. ఇద్దరూ నొచ్చుకున్నారంటే న్యాయం జరిగినట్టే.

అలాంటి అనుభవజ్ఞుడు విషయమంతా విని నిర్ఘాంతపోయాడు. "ఒక్క మిషన్ చెప్పగానే ఒప్పేసుకుని వచ్చేశావా బావా? కొనేవాడు చెప్పిన కౌంటు ఎప్పుడైనా ఒప్పుకున్నామా? మన తరపు లెక్క మనకి ఉండొద్దా?"

మర్నాడే రాజుగారి తరపు లెక్కలు మొదలయ్యాయి.

ముందుగా జిమ్ము నడిపే సాయికిరణ్ ఓ గాజు పలక తెచ్చాడు. దాని మీద నిలబడితే పాదాల్లోంచి చీమ కుట్టినంత కూడా తెలియని కరెంటు పంపి కొవ్వు చెబుతుంది. ముప్పై ఆరంది. ఇంకేముంది, మిషన్ మారేసరికి ఆరు శాతం కరిగిపోయింది. అంతలో కాళ్ళు కడుక్కుని వచ్చి తడి పాదాలతో ఎక్కితే ముప్పై మూడంది. బంగార్రాజుగారు తొడ మీద చరిచి, "చూశారా! కొవ్వంతా అరికాళ్ళ మట్టిలోనే ఉంది!" అన్నారు. సాయికిరణ్ బి.ఎస్సీ. చదివినవాడు. తడికి కరెంటు సులువుగా పోతుందండీ, అందుకని అలా చూపిస్తుందండీ అని ఏదో చెప్పబోయాడు. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకూడదని ఊరుకోబెట్టారు.

తరవాత టైలరు ఎజ్రాని పిలిపించారు. నడుం కొలతని బట్టి కూడా కొవ్వు లెక్క కట్టవచ్చునట. రాజుగారు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మొహం కందగడ్డ అయింది.

"ఊపిరి వదలండి రాజుగారూ" అన్నాడు ఎజ్రా.

"వదిల్తే కొవ్వు పెరుగుద్దా?"

"కొవ్వు పెరగదండి, నా టేపు తెగుద్ది."

టేపు పద్ధతి మర్యాద తెలియనిదని తేల్చి పక్కన పెట్టేశారు.

ఆ పైన పట్టకారు పద్ధతి. చర్మాన్ని మడతపెట్టి ఎంత మందం ఉందో పట్టి చూడటం. పొట్ట దగ్గర పట్టబోతే పట్టకారు నోరు తెరిచింది, మళ్ళీ మూయలేకపోయింది. అందని చోట కొలవమనడం పరికరాన్ని అవమానించడమే కనుక, అందిన చోట కొలిచారు. నుదురు, ముంజేయి, చెవి తమ్మె. పద్దెనిమిది శాతమని వచ్చింది. జిల్లాలో ఏ పహిల్వానుకీ రాని అంకె. అరుగు మీద చప్పట్లు మోగాయి. మాణిక్యాంబగారు గుమ్మంలోంచి అడిగింది. "అన్నయ్యగారూ, చెవికి ఆపరేషన్ కాదు కదండీ?"

"లెక్క లెక్కే చెల్లెమ్మా. ఒళ్ళంతా ఒకరిదేగా!"

ఆఖరుకి నీటి పద్ధతి. మనిషిని నీళ్ళలో ముంచి తూస్తే అసలు కొవ్వు తేలుతుందని, పెద్ద పెద్ద ఊళ్ళలో దానికి తొట్లు ఉంటాయని సాయికిరణ్ నోరు జారాడు. తొట్లెందుకు, చెరువులుండగా! రాజుగారి చెరువులోనే వెదురు బొంగులు పాతారు. రొయ్యల ట్రేలు తూచే కాటా వేలాడదీశారు. కాటాకి కుర్చీ కట్టారు, కుర్చీలో రాజుగారిని కట్టారు. ఒంట్లో గాలంతా వదిలేసి, మునిగి, కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మిగతావన్నీ ఎలాగో చేశాడు గానీ మాట్లాడకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. మునిగిన ప్రతిసారీ ఓ కబురు గుర్తొచ్చి పైకి లేచేవాడు. "మేత కొంచెం ఎక్కువ పడుతోందిరా, అడుగున మిగిలిపోయింది" అని నీళ్ళు కారుతూ చెప్పేవాడు. మొత్తానికి ఓసారి మునిగి ఉండగా కాటా రెండున్నర కిలోలు చూపించింది.

ఇంకా దాని మీద చాలా లెక్క కట్టాలండీ అని సాయికిరణ్ మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? రాజుగారు నికరంగా రెండున్నర కిలోలని, మిగిలిందంతా గాలీ వెలుతురూ అని ఊరంతా పాకింది. రొయ్యలు మాత్రం ఆ పూట మేత ముట్టలేదు.

ఆ మధ్యాహ్నమే పరిష్కార సభ. బంగార్రాజుగారు గొంతు సవరించుకున్నారు. "పెద్దలారా! ఒకవైపు రాజమండ్రి మిషన్ నలభై రెండు అంటోంది. ఇంకోవైపు మన పట్టకారు పద్దెనిమిది అంటోంది. రెండూ గౌరవనీయమైన పరికరాలే. ఒకరి మాట నెగ్గించి ఇంకొకరి మనసు కష్టపెట్టడం మన డెల్టా సంస్కారం కాదు. మధ్యలో వేస్తే ముప్పై. రాజుగారి మొహం చూసి ఒకటి తగ్గిస్తున్నాను. ఇరవై తొమ్మిది! ఎవరికైనా అభ్యంతరమా?"

"మరి మోకాలికి తెలియాలి కదండీ" అంది మాణిక్యాంబగారు.

"ఒక్కొక్కటీ చూద్దాం చెల్లెమ్మా."

ఆ సాయంత్రం రాజుగారు కంచం ముందు కూర్చుని చిన్న గరిటెని వేలితో పక్కకి నెట్టాడు. "ఇరవై తొమ్మిది శాతం మనిషికి వడ్డించే గరిటేనా ఇది?" అన్నాడు. పెద్దమనుషుల తీర్పాయె! మాణిక్యాంబగారు పాత గరిటె బయటికి తీసింది.

రెండు కార్లలో రాజమండ్రి వెళ్ళి కబురు చెప్పారు. డాక్టరమ్మ రాజుగారిని మళ్ళీ ఆ మంచం మీద పడుకోబెట్టింది. ఈసారి నలభై మూడు వచ్చింది.

"సరేనండి డాక్టరుగారూ, మీ మాటా కాదనం, మా మాటా కాదనకండి. ముప్పై ఆరు దగ్గర తెంపేద్దాం" అన్నారు బంగార్రాజుగారు.

"కొవ్వుకి బేరం ఉండదండీ. నాకు ఆయన లేచి నడవాలి, అంతే. నెల్లాళ్ళు తిండి తగ్గించి చూడండి, నేనే మనిషిని పంపి నేర్పిస్తాను" అందావిడ. మాణిక్యాంబగారికి ఆ చేతులు పట్టుకోవాలనిపించింది. కానీ అప్పటికే రాజుగారు చొక్కా గుండీలు పెట్టేసుకుంటున్నాడు.

తిరిగొచ్చాక పెద్దమనుషుల కమిటీ మళ్ళీ కూర్చుంది. ఇచ్చిపుచ్చుకోవడం తెలియని వైద్యురాలి కొలతలు చెల్లవని తీర్మానించింది. అంతటితో ఆగలేదు. ఆవిడ రాకపోయినా, ఆవిడ తరపు ఎవరూ లేకపోయినా, రెల్లుపుల్లలాంటి ఆ డాక్టరమ్మ కొవ్వు ముప్పై అయిదు శాతమని ఏకగ్రీవంగా తేల్చింది. వద్దనడానికి ఆవిడ సభలో లేదు కదా!

ఆదివారం రాజుగారికి సన్మానం. ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయి, శాలువా వచ్చింది. రాజుగారు వేదిక మెట్లెక్కలేకపోయాడు. అందుకని కుర్చీతో సహా ఎత్తారు. ముందు నలుగురు పట్టారు, కుర్చీ లేవలేదు. ఇంకో నలుగురు చేరారు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులు చూశాయి. పళ్ళు బిగించి, మెడనరాలు తేల్చి, వేదిక మీద దించి, రొప్పుతూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ ఆ ఎనిమిది మందే.

"ఆహార నియమం లేదు, వ్యాయామం లేదు, మందు లేదు! కేవలం సామరస్యంతో సన్నబడ్డ మహనీయుడు మన ఆదినారాయణరాజుగారు!" అని బంగార్రాజుగారు ఉపన్యసించారు. సభ ముగియకముందే ఊళ్ళో సగం మంది తమ తమ కొవ్వులు కూడా తేల్చమని వరస కట్టారు. సాయంత్రానికి మన ఊళ్ళో ముప్పై దాటిన మనిషి ఒక్కడు లేడు. అంత ఆరోగ్యం ఊరికి ఎన్నడూ లేదు.

డాక్టరమ్మ ఇచ్చిన నెల్లాళ్ళ గడువు వచ్చింది, పోయింది. ఆ వారంలోనే ఓ పొద్దున చెరువులో నీళ్ళు రంగు మారాయని పాలేరు పరుగెత్తుకొచ్చాడు. రాజుగారు లేవబోయి, మోకాలు పట్టేసి, మంచం పట్టీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మాణిక్యం, ఓ చెయ్యి వెయ్యవే, గట్టుకెళ్ళాలి."

ఆవిడ ఆయన వీపు కింద భుజం పెట్టింది. ఎత్తబోయింది. ఆయన లేవలేదు, ఆవిడే కూలబడింది. కాసేపటికి ఊపిరి తిప్పుకుని, కోపం లేకుండానే అంది.

"అందరూ కలిసి తగ్గించింది మీకేనండీ. ఎత్తే నాకు మాత్రం ఎవరూ తగ్గించలేదు."

ఇదమ్మా సంగతి. నవ్వుతున్నారు, నవ్వండి. కానీ మొన్న షుగరు ఎక్కువొచ్చిందని ఆ ల్యాబు మానేసి, తక్కువ చూపించే ల్యాబు ఎక్కడుందో పక్కింటావిడని అడిగి మరీ వెళ్ళింది మీలో ఎవరో నేను చెప్పను. మీకే తెలుసు. ఈ కథ మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ రెండో ల్యాబు దగ్గర బెంచీ మీద ఈసారి మీ పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకి చెప్పండి. వాళ్ళూ అందుకే వచ్చి ఉంటారు.