వెనక జేబులో బ్యాటరీ

ఆదివారం పొద్దున్న కళ్లు తెరుస్తూనే క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ రోజంతటికీ పథకం వేసేసుకున్నాడు. ఎనిమిదికి గుడ్లూ టోస్టూ, తొమ్మిదికి బ్యాండు బస్సు, రెండింటికి పోటీ, ఆరింటికి కప్పుతో తిరుగు ప్రయాణం. పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా సిగరెట్టుకు బదులుగా పొగలాంటి ఆవిరి పీల్చే అతని వేప్‌లో ఉంది. రాత్రంతా ఛార్జింగులో పెట్టినా దాని దీపం వెలగలేదు. రెండేళ్లు నమ్మకంగా పనిచేసిన బ్యాటరీ సరిగ్గా పోటీ రోజునే కన్ను మూసింది.

ఇది చిన్న సంగతి కాదు. థార్న్‌లీలో బొగ్గు గని మూతపడి ముప్ఫై ఏళ్లు దాటినా గని బ్యాండు మాత్రం మూతపడలేదు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకా యుఫోనియం. ఆ బ్యాండులో దాని సోలో కుర్చీ, అంటే ఒంటరిగా వాయించే స్థానం, ఇరవై రెండేళ్లుగా క్లిఫర్డ్‌దే. రెండు నెలల కిందట సోలో మధ్యలో ఊపిరి చాలక ఖళ్లున దగ్గాడు. బ్యాండును నడిపించే మిస్ ఆక్‌రాయిడ్ వాద్యగాళ్లలో సగం మందికి చిన్నప్పుడు బడిలో పాఠం చెప్పిన మనిషి.

"క్లిఫర్డ్, సిగరెట్టా, కుర్చీయా? ఏదో ఒకటి తేల్చుకో" అందామె.

అతను కుర్చీనే తేల్చుకున్నాడు. సిగరెట్టు మాని వేప్ పట్టాడు. నేటికి నలభై తొమ్మిది రోజులు. ఇప్పుడు అదీ లేకపోతే మధ్యాహ్నం లోపు తన చెయ్యి సిగరెట్టు పెట్టె మీద పడుతుందని అతనికి బాగా తెలుసు.

ఊళ్లో దుకాణాలు ఆదివారం పదింటికి గానీ తెరవరు. అందుకని మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్మే సంతకు పరుగెత్తాడు. అక్కడ పాత లాంతర్లకూ పగిలిన టీ కప్పులకూ మధ్య ఒక బ్యాటరీ కనపడింది. దాని మీద ఎంత కరెంటు పడుతుందో చెబుతూ ఎర్రటి అంకెలతో 9900 అని ఉంది. పాతదాని మీద ఉన్నది 2500. పైగా రెండే పౌండ్లు. ఎంగిలి చేత్తో కాకిని తోలని క్లిఫర్డ్‌కు నక్క తోక తొక్కినంత సంబరమైంది.

ఇంటికి రాగానే భార్య ఎనిడ్ దాన్ని చేతిలో తూచి చూసింది. నమ్మకం కుదరక కేకుల పిండి తూచే కాటాలో పెట్టింది. పాత బ్యాటరీ నలభై ఆరు గ్రాములు. కొత్తది ఇరవై తొమ్మిది.

"ఏమయ్యా, నాలుగింతలు బలమున్నది ఇంత తక్కువ బరువెలా ఉంటుంది? ఇందులో సరుకు లేదు."

"తేలిగ్గా ఉంటే జేబుకే సుఖం. నీకు పిండి సంగతి తెలుసు, కరెంటు సంగతి తెలీదు."

"పిండిలోనూ కల్తీ ఉంటుంది, దాని సంగతి కూడా తెలుసు" అంది ఎనిడ్. అయినా అతను వినలేదు.

బస్సు హైవే ఎక్కక ముందే, మూడో పీల్పుకు 9900 ప్రాణం విడిచింది. క్లిఫర్డ్ దాన్ని ఊడదీసి మళ్లీ బిగించాడు, లాభం లేకపోయింది. పక్కన కూర్చున్న సెల్విన్ రెండో యుఫోనియం వాయిస్తాడు. సోలో కుర్చీ వంక పదేళ్లుగా ఆశగా చూస్తున్నవాడు. అతను ఎంతో ప్రేమగా సిగరెట్టు ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

"కాల్చకు గురూ, వాసన చూడు చాలు. మనసు కుదుటపడుతుంది."

క్లిఫర్డ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే క్షణంలో ముందు సీట్లోంచి మిస్ ఆక్‌రాయిడ్ వెనక్కి తిరిగింది.

"టీచరుగారూ, వాసన చూస్తున్నానంతే!"

"ఏడో ఏట కూడా నువ్వు ఇదే మాటన్నావు, అప్పుడు చేతిలో ఉన్నది పక్కవాడి కేకు" అంది ఆమె. "ఇవాళ సోలోలో ఒక్క స్వరం తెగినా, రేపటి నుంచి ఆ కుర్చీ సెల్విన్‌ది."

సెల్విన్ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు.

పోటీ జరిగే టౌన్ హాలుకు ఎదురుగా దేవుడు పంపినట్టు వేప్ దుకాణం ఉంది. నడిపేది నాదియా అనే అమ్మాయి. ఎర్ర అంకెల బ్యాటరీ చూసి పకపకా నవ్వింది.

"బాబాయ్, ఈ సైజులో అందులో సగం కూడా ఇంతవరకూ ఎవడూ ఎక్కించలేకపోయాడు. అంకె ఎంత పెద్దదైతే అబద్ధం అంత పెద్దది. మీకు కావలసింది పెద్ద అంకె కాదు. మీ యంత్రం ఒక్కసారిగా లాగే కరెంటును వేడెక్కకుండా ఇవ్వగల బ్యాటరీ. పేరున్న తయారీ, చిరగని తొడుగు, నమ్మకమైన దుకాణం, ఇవి చూసుకోవాలి. ఇదిగో, అసలు సరుకు. నిండా ఛార్జి చేసి పెట్టా."

"ఎంత?"

"ఎనిమిది పౌండ్లు. దీన్ని పెట్టుకోవడానికి ప్లాస్టిక్ డబ్బా ఒకటిన్నర."

"డబ్బా ఎందుకమ్మా, జేబుంది కదా!"

"జేబులో తాళాలూ చిల్లరా తగిలితే ప్రమాదం బాబాయ్. రెండు కొసల్నీ ఇనుము కలిపిందంటే కాలిపోతుంది. ఇది అసలుది, కాలిందంటే మామూలుగా కాలదు."

క్లిఫర్డ్ ఒకటిన్నర అన్న మాట దాకా శ్రద్ధగానే విన్నాడు. ఇంతలో రోడ్డవతలి నుంచి "థార్న్‌లీ! థార్న్‌లీ వాళ్లు వేదిక మీదికి!" అని కేక వినపడింది. బ్యాటరీని వేప్‌లో వేసే తీరిక కూడా లేకపోయింది. బ్యాండు వాళ్ల ప్యాంటుకు ఉన్నది ఒకటే జేబు, అదీ వెనక. అందులో అప్పటికే బ్యాండు గది తాళాల గుత్తి ఉంది. బ్యాటరీని కూడా అందులోనే కుక్కుకుని పరుగెత్తాడు.

ఈ పోటీల్లో న్యాయనిర్ణేత హాలు మధ్యలో నాలుగు వైపులా గుడ్డ కట్టిన గుడారంలో కూర్చుంటాడు. ఎవరు వాయిస్తున్నారో చూడకూడదు, వినాలంతే. అలాంటి గుడారం ఎదుట క్లిఫర్డ్ తన కుర్చీలో, అంటే తాళాల మీదా బ్యాటరీ మీదా, బరువుగా కూర్చున్నాడు.

సోలో మొదలైంది. స్వరాల కాగితంలో నాలుగో వరస దగ్గర అతనికి వెనక వెచ్చగా తోచింది. కంగారు వల్లేమో అనుకున్నాడు. ఆరో వరసకు అది కంగారు కాదని తెలిసింది. ఆపితే కుర్చీ పోతుంది, ఆపకపోతే కూర్చునే చోటు పోతుంది. నోటికి బాకా అడ్డం, మింగలేడు, కక్కలేడు. చివరికి స్వరం తెగకుండా నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

పోటీలో వాయిస్తూ ఎవరూ లేవరు. టీచరు ఏదో కొత్త ఏర్పాటు చేసి తమకు చెప్పడం మరిచిందనుకుని సెల్విన్ లేచాడు. సెల్విన్‌ను చూసి కార్నెట్లనే చిన్న బాకాల వాళ్లు లేచారు. నిమిషంలో బ్యాండంతా నిలబడింది. హాలులో ముందు వరసలో ఉన్న ముసలాయన, పాపం బ్యాండులో ఎవరో పోయినట్టున్నారని టోపీ తీసి లేచాడు. ఒకరు లేస్తే రెండోవాళ్లు కూర్చుని ఉండడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ఆరువందల మందీ తలలు వంచుకుని లేచారు. భర్త సోలో వినడానికి వచ్చిన ఎనిడ్ ఒక్కతే కూర్చుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ ముఖం సంగీతం వల్ల రాదని ఆమెకు తెలుసు.

ప్యాంటు వెనక నుంచి సన్నగా పొగ లేచింది. డప్పుల అతను అది చూశాడు గానీ, చివర్లో దరువు వేయాల్సింది అతనే కావడంతో కదలకుండా లెక్కపెడుతూ నిలబడ్డాడు. క్లిఫర్డ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఖరి స్వరాన్ని ఏడుపూ ప్రార్థనా కలిసినట్టు ఊదాడు. అది తెగలేదు, వణికింది. అది ముగిసీ ముగియగానే కాలిన జేబులోంచి తాళాల గుత్తి, బ్యాటరీ ఠంగుమని వేదిక చెక్క మీద పడ్డాయి. డప్పుల అతను వేదిక అంచున ఉన్న ఇసుక బకెట్టు తెచ్చి బ్యాటరీ మీద, పూల కుండీలోని నీళ్లు క్లిఫర్డ్ మీద కుమ్మరించాడు. ముందు వరస ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరు బాబూ పోయింది? బాగా దగ్గరి వాళ్లా?"

"చాలా దగ్గరండీ" అన్నాడు క్లిఫర్డ్ పళ్లు బిగపట్టి.

ఆ పక్కనే మిస్ ఆక్‌రాయిడ్ నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"అయిపోయింది క్లిఫర్డ్. న్యాయనిర్ణేత ఆ గోలంతా వినే ఉంటాడు. కుర్చీ సంగతి ఇక మాట్లాడకు."

ఇరవై రెండేళ్లు ఒక్క జేబు మంటలో పోయాయనిపించి క్లిఫర్డ్, పెద్దవాణ్ణని కూడా చూసుకోకుండా ఎనిడ్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

అయిదింటికి న్యాయనిర్ణేత గుడారంలోంచి బయటికొచ్చి ఫలితాల కాగితం చదివాడు. మొదటి బహుమతి థార్న్‌లీకి. ఉత్తమ సోలో కూడా వాళ్లకే.

"యుఫోనియం వాయించినాయన ఎవరో నాకు తెలీదు" అన్నాడాయన. "కానీ చివరి వరసల్లో ఆయన సంగీతం వాయించడం మానేసి నిజంగా బాధపడ్డాడు. అది నేర్పితే వచ్చేది కాదు. ముగింపులో ఆ చిన్న లోహపు చప్పుడు మాత్రం ఎంతో సముచితంగా పడింది. దాన్ని రాసిన వాళ్లకు నా నమస్కారం."

మిస్ ఆక్‌రాయిడ్ ఆ నమస్కారాన్ని తనే అందుకుంది. తర్వాత క్లిఫర్డ్ వైపు తిరిగి, నువ్వు ఊదగలిగినన్నాళ్లూ సోలో కుర్చీ నీదే, ఇక ఎవరూ దాని వంక చూడరు అని అందరి ముందూ మాటిచ్చింది.

క్లిఫర్డ్ ఆ కుర్చీలో కూర్చోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.