నూనె తగలని చెయ్యి

ఆ ఉదయం వెంకటరమణమ్మ వేసుకున్న ప్లానులో తిరకాసేమీ లేదు. కొడుకు తలకి నూనె పెట్టాలి, నలుగు పెట్టి నీళ్ళు పోయాలి, మధ్యాహ్నానికల్లా పెళ్ళికొడుకుని చేసేయాలి. మర్నాడే పెళ్ళి. గాజువాకలో ఆ ఇంటి ముందు అప్పటికే పందిరి లేచింది.

"నాకు నూనె వద్దమ్మా" అన్నాడు పీటమీద కూర్చున్న అర్జునరావు.

అతను బీదర్‌లో ఎయిర్‌ఫోర్సు ఉద్యోగి. మెస్సు చపాతీలతో మొహం మొత్తి, పెళ్ళి గారెలు తలుచుకుంటూ సెలవు మీద వచ్చాడు. కుర్ర పైలట్లు నేర్చుకునే విమానాల్లో ఆక్సిజన్ రెగ్యులేటర్లు విప్పి, శుభ్రం చేసి, పరీక్షించి బిగించడం అతని పని. సబ్బుతో చేతులు కడగనిదే ఆ సెక్షన్ గుమ్మం దాటనివ్వరు. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి నూనె జిడ్డు తగిలితే భగ్గుమంటుంది. ఏళ్ళ తరబడి ఈ మాట విన్న మనిషికి నూనెగిన్నె కనిపిస్తే చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.

"ఇక్కడ ఇమానం ఏదిరా?" అంది తల్లి.

"పెళ్ళవగానే డ్యూటీకెళ్ళిపోవాల కదమ్మా. అలవాటు తప్పకూడదు."

మేనత్త తాయారు గిన్నె కింద పెట్టి మూతి ముడుచుకుంది. "ఆడికి ఈ పెళ్ళి ఇష్టం నేనట్టుంది" అని వీధిలో ఎవరితోనో అంది. ఆ మాట బస్‌స్టాపు చేరేసరికి పెళ్ళికొడుక్కి చర్మవ్యాధి అంటుకుంది. సిటీబస్సెక్కి ఫిషింగ్ హార్బర్‌లో దిగేసరికి అతనికి బీదర్‌లో ఒక పెళ్ళాం కూడా వచ్చి చేరింది.

పెళ్ళికూతురి తండ్రి పోలిరాజు హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ. ఆ మాట వింటూనే ఐసు లారీలోనే చుట్టాల్ని ఎక్కించుకుని వచ్చి గాజువాకలో దిగాడు. పెళ్ళికూతురు గౌరీశ్వరి కూడా ఇంట్లో ఆగలేదు. మొహం నిండా పసుపుతో, నూనె కారుతున్న జుట్టుతో తండ్రి వెనకే లారీ దిగింది.

పెళ్ళిచూపుల నాటినుంచీ ఆ పిల్ల తప్ప మరో ధ్యాస లేని అర్జునరావు సంబరంగా ఎదురెళ్ళాడు. నూనె చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకుని గబగబా వెనక్కి నడిచాడు.

"సూసినారా! పిల్లని సూసి ఎనక్కి పోతన్నాడు. పెళ్ళి నేదు, గిళ్ళి నేదు! ఎక్కండర్రా లారీ!" అన్నాడు పోలిరాజు.



"మావయ్యా, ఆగండి! నూనంటేనే భయం, పిల్లంటే కాదు!" అని అర్జునరావు లారీకి అడ్డం నిలబడి అంతా చెప్పుకొచ్చాడు. "పైలట్ ఊపిరి పీలిస్తే రెగ్యులేటర్లో పల్చటి రబ్బరు పొర లోనికి వంగుతాది, వాల్వు తెరుసుకుంటాది. ఊపిరి వదిలితే మూసుకుంటాది. కింద ఎగిరినప్పుడు మామూలు గాలి కలిపి ఇస్తాది. పైకెళ్ళేకొద్దీ లోపలున్న సిన్న రేకు డబ్బీ ఉబ్బి గాలి దారి మూసుకుంటూ వస్తాది, ఆక్సిజన్ పెరుగుతాది. ఎవులూ సెప్పక్కర్నేదు."

"మరది సెడిపోతే?" అంది గౌరీశ్వరి.

"పక్కనే మీట ఉంటాది. తిప్పితే అచ్చంగా ఆక్సిజనే. కానీ నాను బిగించింది ఇంతవరకూ సెడలేదు."

గొప్పకి అన్న మాట కాదది. ఆ చిన్న పెట్టె మీదా, దాన్ని నమ్మి మబ్బులపైకి పోయే కుర్రాళ్ళ మీదా అతనికి ప్రాణం. అది వీధిలో అందరికీ తెలిసిపోయింది.

"నాను ఈయన్నే సేసుకుంటాను నాన్నా" అంది గౌరీశ్వరి.

పోలిరాజు కళ్ళు తుడుచుకుని వెంకటరమణమ్మ వైపు తిరిగాడు. "వొదినా, అంతమంది పేనాలు కాసిన సెయ్యిది. దానికి నూనె తగిల్తే నానూరుకోను!"

శనగపిండి నలుగుతోనే పెళ్ళికొడుకుని చేశారు. మర్నాడు పెళ్ళి నిక్షేపంగా జరిగింది. భోజనాల్లో అందరి విస్తళ్ళలోనూ గారెలు పడ్డాయి. అర్జునరావు విస్తట్లో మాత్రం పోలిరాజు స్వయంగా ఆవిరి కుడుములు వడ్డించి, ఎదురుగా కాపలా నిలబడ్డాడు.

"సుక్క నూనె నేదు బావూ, భయం నేకండా తిను!"

అర్జునరావు పక్క విస్తట్లో గారెల్ని చూస్తూ కుడుము తుంచాడు. మావగారు అటు తిరగ్గానే గౌరీశ్వరి తన విస్తట్లోంచి ఒక గారె ఇటు జరిపింది.

తిన్నాక అతను సబ్బు అడగలేదు.